ఎర్నా చావు మీద కట్టబోయిన ఫైర్ స్టేషన్

న్యూ లీర్‌లో గాలి ఎంత గట్టిదంటే, మైంట్స్ వాళ్ళ కోళ్ళు పెట్టిన గుడ్లు ఆబ్బెన్ వాళ్ళ పొలంలో దొరుకుతాయి. నమ్మనివాళ్ళు మార్చి నెలలో అయోవా వచ్చి చూసుకోవచ్చు. టోపీ మాత్రం ఇంట్లోనే పెట్టి రావాలి, లేకపోతే అది పక్క కౌంటీకి చెందిపోతుంది. అలాంటి గాలికి ఎనభై ఆరేళ్ళుగా ఎదురు నడిచి ఒక్కనాడూ తల వంచని మనిషి ఎర్నా ఫ్రెరిక్స్. ఆ ఎర్నాయే కిందటి ఏప్రిల్‌లో కౌంటీ ఫౌండేషన్ గ్రాంట్ల కమిటీ గదిలో, పట్టపగలు, నలుగురి మధ్యా కూర్చుని, కాళ్ళలో నెత్తురు గడ్డకట్టినట్టు బిగుసుకుపోయింది. తన చావు ఎప్పుడో ఆవిడకి అప్పుడే తెలిసింది. అదీ ఏ డాక్టరో చెప్పలేదు. టైర్ల కొట్టువాడు చెప్పాడు.

ఆ సంగతి చెప్పేముందు మనిషిని చెప్పాలి. ఎర్నా ముప్పై ఏళ్ళు కంకర రోడ్ల మీద ఉత్తరాలు పంచింది. మా వైపు ఉత్తరాల మనిషి సొంత కారులో తిరగాలి, మా కార్లకి స్టీరింగు ఎడమవైపు, ఉత్తరాల డబ్బాలేమో రోడ్డుకి కుడిపక్కన ఉంటాయి. అందుకని ఆవిడ కుడివైపు సీట్లో కూర్చుని, ఎడమ కాలు అవతలికి చాపి బ్రేకు తొక్కుతూ, ఎడమ చేత్తో స్టీరింగు, కుడి చేత్తో డబ్బా మూత పట్టుకునేది. ఎదురుగా వచ్చే కొత్తవాళ్ళకి డ్రైవరు లేని కారులో ఒక ఆడమనిషి షికారు పోతున్నట్టు కనిపించేది. ఒక గింజల వ్యాపారి అది చూసి అక్కడికక్కడే తాగుడు మానేశాడని చెప్పుకుంటారు. నేనైతే నమ్ముతాను.

భర్త వెస్లీ పందుల్ని పెంచేవాడు. ఒక జనవరిలో ఆ కొట్టానికి నిప్పంటుకుంది. ఊళ్ళో మంటలార్పేవాళ్ళంతా జీతం లేకుండా చేసేవాళ్ళే, పిలవగానే ఎవరి బండిలో వాళ్ళు వచ్చేశారు. రానిది నీళ్ళ బండి ఒక్కటే. దాన్ని పాత వెన్న ఫ్యాక్టరీ షెడ్డులో పెడతారు, ఆ తలుపు మంచుకి నేలతో కలిసి గడ్డకట్టి ఊడిరాలేదు. పన్నెండు మంది మగాళ్ళు చేతులు కట్టుకుని నిలబడి పందుల అరుపులు విన్నారు. వెస్లీ మళ్ళీ పందుల జోలికి పోలేదు. కొన్నేళ్ళకి ఆయన వేరే జబ్బుతో పోయాడు గానీ, తెరుచుకోని ఆ తలుపు మాత్రం ఎర్నా మనసులో ఉండిపోయింది.

భూమి అమ్మాక ఆవిడ ఆ డబ్బులో ఒక పెద్ద వాటా పట్టుకెళ్ళి, విరాళాలు పోగుచేసి ఊరి పనులకి పంచే కౌంటీ ఫౌండేషన్‌కి ఇచ్చేసింది. ఒప్పందం తేలికే. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ఫౌండేషన్ ఆవిడకి మూడు నెలలకోసారి ఇంత అని పంపుతుంది. ఆవిడ పోయాక మిగిలిందంతా కొత్త ఫైర్ స్టేషన్‌కి పోతుంది. పేరు బయటికి రాకూడదన్నది ఒక్కటే షరతు. మా వాళ్ళలో డబ్బిచ్చి పేరు చెప్పుకోవడం, ఈత బట్టల్లో చర్చికి రావడం, రెండూ ఒకటే. ఫౌండేషన్ వాళ్ళు తమ పత్రికలో, పేరు చెప్పని ఒక దాత తన తదనంతరం ఫైర్ స్టేషన్‌కి పెద్ద కానుక ఏర్పాటు చేశారని మాత్రం వేశారు.

ఊరు ఊరుకుంటుందా. దాత ఎవరా అని ఒక వారం ఆలోచించి, ఎల్డో మైంట్స్ అని తేల్చేసింది. ఎల్డోకి తొంభై మూడు, పెళ్ళి లేదు, పిల్లల్లేరు, కావలసినంత భూమి ఉంది, పైగా దగ్గు ఉంది. ఆనాటి నుంచి ఎల్డోకి క్షవరం ఉచితం. ఆయన వాకిట్లో మంచు ఆయన లేవకముందే మాయమయ్యేది. మీరేనా అని ఎవరైనా గుచ్చి అడిగితే, అవన్నీ ఇప్పుడెందుకు అని, జనం కాల్చి తెచ్చిన తీపి పై రొట్టె ఇంకో ముక్క కోసుకునేవాడు. అది అబద్ధం కాదు, నిజమూ కాదు, పై రొట్టె మాత్రం నిజం. ఎర్నా ఇదంతా చూస్తూ ఏళ్ళ తరబడి లోలోపల నవ్వుకుంది. తనకొచ్చే డబ్బుతో ప్రతి ఫిబ్రవరిలో అరిజోనా పోయి, ఒక నారింజ చెట్టు పక్కన అద్దె ట్రైలరు ఇంటి ముందు కాళ్ళు ఎండలో పెట్టుకుని కూర్చునేది. అదొక్కటే ఆవిడ విలాసం. అడిగినవాళ్ళకి మాత్రం అక్కడున్న పెదనాన్న కూతురు పిలిచిందని చెప్పేది.

ఇక గ్రాంట్ల పోటీ సంగతి. ప్రతి వసంతంలోనూ లైబ్రరీ, పార్కు, ముసలివాళ్ళ భోజనశాల, ఇంకా ఎవరెవరో వచ్చి కమిటీ ముందు నిలబడి మాకింత కావాలని చెప్పుకుంటారు. వాళ్ళు బయటికెళ్ళాక కమిటీ వందకి మార్కులు వేస్తుంది. అడిగేవాడి పనిలో కమిటీ మనిషికి ఏ మాత్రం సంబంధం ఉన్నా, నాకు సంబంధం ఉంది అని ఒక్క ముక్క చెప్పి, లేచి బయట నడవాలోకి పోవాలి. ఎందుకని ఎవరూ అడగరు, అడగకూడదు. మా కౌంటీలో అందరూ అందరికీ చుట్టాలే కాబట్టి సగం కమిటీ ఎప్పుడూ నడవాలోనే ఉంటుంది. అక్కడి కాఫీ ఎంత పల్చనంటే కప్పు అడుగున అచ్చేసిన కంపెనీ పేరు చదువుకోవచ్చు. ఒక ఏడాది పశువుల ప్రదర్శన కొట్టం దరఖాస్తుకి అందరూ బయటికి పోగా, అధ్యక్షుడు డ్వేన్ ఒక్కడే మిగిలి, తనే ప్రతిపాదించి, తనే బలపరిచి, అభ్యంతరాలేమైనా ఉన్నాయా అని గోడని అడిగాడు. ఎర్నా కూడా ఆ కమిటీ మనిషే, ఈ నియమం విషయంలో అందరిలోకీ ఆవిడే గట్టి. కుక్కల సంరక్షణ కేంద్రం దరఖాస్తు వచ్చినప్పుడు తన ప్రాణ స్నేహితురాలు మార్లీస్‌ని కూడా బయటికి పంపింది. మార్లీస్ మేనకోడలు అక్కణ్ణుంచి ఒక కుక్కని తెచ్చుకుందట.

ఆ ఏప్రిల్ మధ్యాహ్నం చివరగా వచ్చినవాడు లోవెల్ ఆబ్బెన్. టైర్ల కొట్టు అతనిది, ఫైర్ చీఫ్ ఉద్యోగం జీతం లేనిది. పెళ్ళినాటి కోటు వేసుకొచ్చాడు, బొత్తాలు పెట్టుకోలేదు, పెట్టుకుంటే ఎవరి కంటికో దెబ్బ తగిలేది. చిన్నప్పుడు ఆదివారం బడిలో అతనికి పాఠాలు చెప్పింది ఎర్నాయే. అందుకే ఇప్పటికీ ఆవిణ్ణి పేరు పెట్టి పిలవడు.

బాగా చెప్పాడు. పాత షెడ్డు, గడ్డకట్టే తలుపు, కొత్త స్టేషన్‌లో నేల కింద వేడి నీళ్ళ గొట్టాలు. సగం ఖర్చు గ్రాంటుగా ఇవ్వమన్నాడు. మిగతా సగం మాటేమిటని డ్వేన్ అడిగాడు.

"అది వస్తుంది," అన్నాడు లోవెల్. "రెండేళ్ళలోపు."

"ఎక్కణ్ణుంచి?"

"పేరు చెప్పని ఆ దాత ఉన్నారు కదా. వారు… వెళ్ళిపోయాక."

ఎర్నా చేతిలో పెన్సిలు ఆగిపోయింది. లోవెల్ గొంతు తగ్గించి, చాలా మర్యాదగా, ఆ వయసులో రెండేళ్ళంటే ఎక్కువేనని, బ్యాంకు కూడా ఆ అంచనా మీదే అప్పిస్తానందని, చర్చిలో ఆ దగ్గు తామంతా వింటూనే ఉన్నామని చెప్పుకుపోయాడు. వచ్చే వసంతంలో పునాది తవ్వుతారు. గోడలు లేచేసరికి ఆ పెద్దాయన పని కూడా అయిపోతుంది. మంచు కరిగే రోజు ఇదీ అన్నట్టే చెప్పాడు, అంత మామూలుగా. గదిలో ఎవరికీ తప్పనిపించలేదు. అందరూ తలలూపారు. అదీ ఎర్నాకి ఊపిరాడకుండా చేసింది. నలభై ఏళ్ళుగా తనతో రొట్టె పంచుకున్న తలలు అవి, తన చావుకి ఊగుతున్నాయి.

ఫౌండేషన్ కొత్త డైరెక్టరు టెస్సా ఒక్కతే ఊపలేదు. ఆ అమ్మాయి రాష్ట్ర రాజధాని డెమాయిన్ నుంచి వచ్చి మూడు నెలలైంది. దాత ఎవరో తెలిసింది ఆ గదిలో ఆమెకి, ఎర్నాకి. అంతే. దరఖాస్తులో మాత్రం దాత కానుక అని రెండు మాటలే ఉన్నాయి, ఆ రెండు మాటల వెనక ఇంత కథ ఉందని ఆమె అనుకోలేదు. మొహం పాలిపోయి గోడ గడియారాన్ని చూస్తోంది.

"పోకపోతే?" అంది ఎర్నా. ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

"పోకపోతే అంటే, మిసెస్ ఫ్రెరిక్స్?"

"బతికితే, లోవెల్. జనం అలా చేస్తూ ఉంటారు."

లోవెల్ ఆలోచించాడు. "ఆ ప్రమాదం కూడా చూసుకున్నామండీ. మరీ అన్యాయమైతే మూడేళ్ళు."

"మరీ అన్యాయమంటే బతకడం."

"అబ్బే, మా కుర్రాళ్ళెవరూ ఆయన చెడు కోరుకోరు. మొన్ననే వెన్న దట్టించి పై రొట్టె చేసి పంపాం."

"ఆ గుండెకి వెన్న మంచిది కాదుగా," అంది మార్లీస్, అమాయకంగా.

లోవెల్ థాంక్స్ చెప్పి నడవాలోకి వెళ్ళాడు. తలుపు పడింది. మార్కులు వేసే ముందు డ్వేన్ ఎప్పటిలాగే, ఎవరికైనా సంబంధం ఉందా అని అడిగాడు. ఎవరూ కదల్లేదు. కదలాల్సినవాళ్ళు లేరని అందరికీ తెలుసు. మంటలార్పేవాళ్ళలో ఈ కమిటీ వాళ్ళ చుట్టాలెవరూ లేకపోవడం మా కౌంటీ చరిత్రలో అదే మొదటిసారి.

ఎర్నా ముందు కాగితం ఉంది, పెన్సిలు ఉంది. కూర్చుని మార్కులు వేస్తే అయిపోతుంది. రహస్యం రహస్యంగానే ఉంటుంది, ఫిబ్రవరి ఫిబ్రవరిగానే ఉంటుంది, ఎల్డో దగ్గుతూనే ఉంటాడు. లేచిందంటే అందరికీ తెలిసిపోతుంది. ఈ కౌంటీలో ఆవిడ చుట్టాలు మూడు తరాల దాకా అందరికీ కంఠతా వచ్చు, ఇంకే కారణమూ చెప్పి తప్పించుకోలేదు. కానీ మేనకోడలి కుక్కకే మార్లీస్‌ని బయటికి పంపిన మనిషి, తన చావు మీద తనే ఎలా మార్కులు వేస్తుంది? టెస్సా వైపు చూసింది. ఆ పిల్ల ఇంకా గడియారాన్నే చూస్తోంది.

"నాకు సంబంధం ఉంది," అంది ఎర్నా.

డ్వేన్ నవ్వాడు, హాస్యమనుకుని. మార్లీస్ వేళ్ళు లెక్కపెడుతూ, "లోవెల్ నీకేమీ కాడే," అంది. అడగకూడదన్న నియమం గుర్తొచ్చి నోరు మూసుకుంది. ఎర్నా లేచి, కుర్చీని లోపలికి జరిపి, తలుపు దాకా నడిచింది. ఆ నడక కంకర రోడ్ల మీద ముప్పై ఏళ్ళ కంటే పొడుగు. వెనక ఎంత నిశ్శబ్దమంటే కింద నేలమాళిగలో పాతకాలపు పన్నుల రికార్డులు పసుపు రంగుకి తిరిగే చప్పుడు కూడా వినిపించింది. తలుపు మూస్తుండగా ఎవరో ఒకరి పెన్సిలు నేల మీద పడింది. అర్థమైపోయింది వాళ్ళకి.

నడవాలో లోవెల్ కాఫీ తాగుతున్నాడు. ఆవిణ్ణి చూసి చోటిచ్చాడు. మా వాళ్ళలో మీ చుట్టమెవరండీ అని అడిగాడు.

"ఎవరూ లేరు. ఆ పోవాల్సిన మనిషిని నేనే, లోవెల్."

కాఫీ కప్పు అతని చేతిలోనే ఉంది, కాఫీ మాత్రం పెళ్ళికోటు మీదికి దిగిపోయింది. కాలిన సంగతి కూడా తెలియలేదు అతనికి.

"ఎల్డో కదా," అన్నాడు.

"ఎల్డో కూడా అలాగే అనుకుంటున్నాడు."

"నేను… మీకు దగ్గు లేదు కదండీ."

"లేదు. ఏమనుకోకు."

లోవెల్ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. మంటల్లోకి దూకే మనిషి చిన్నపిల్లాడిలా మొహం చేతుల్లో దాచుకున్నాడు. దరఖాస్తు వెనక్కి తీసుకుంటానని, బ్యాంకు వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేస్తానని గొణిగాడు. ఎర్నా కదలొద్దంది. తను మాత్రం కూర్చోలేదు. కూర్చుంటే మూడేళ్ళు కాస్తా రెండేళ్ళయ్యేలా కనిపిస్తుందనిపించింది.

అంతలో తలుపు తెరుచుకుంది. మార్లీస్ వచ్చింది, కళ్ళు ఎర్రగా. చర్చిలో నలభై ఏళ్ళుగా ఒకే బల్ల మీద కూర్చున్నాం, నాకూ సంబంధం ఉంది అంది. ఆవిడ వెనకే ఇంకొకడు, ఎర్నా ఉత్తరాలు తెచ్చిన ఇంటివాడు. ఆ వెనక మరొకావిడ, వెస్లీ పోయినప్పుడు వంటలు పట్టుకొచ్చిన మనిషి. అందరిదీ ఒకటే మాట. ఎర్నా ఎప్పుడు పోతుందన్న అంచనాకి మార్కులు వేయడానికి ఒక్కరికీ చెయ్యి రాలేదు. ఆఖరికి డ్వేన్ వచ్చాడు. మీ మొక్కజొన్నలు ఇరవై ఏళ్ళు తూకం వేశాను ఎర్నా, నాకు లేదా సంబంధం అన్నాడు. గోడని కూడా అడగకుండా వచ్చేశాడు.

కమిటీ అంతా నడవాలో ఉంది. గదిలో టెస్సా, కుర్చీలు. అంతే. ఇలాంటిది ఈ దేశంలో ఇంకెక్కడా జరిగి ఉండదని నేను పందెం కాస్తాను.

టెస్సా తలుపు దగ్గరికొచ్చింది. ఒక్కరైనా లోపలికి రాకపోతే ఈ దరఖాస్తు పడిపోతుందని, మళ్ళీ వచ్చే ఏడాదేనని చెప్పింది. అందరూ తమ బూట్లు చూసుకున్నారు. ఇంకో శీతాకాలం, ఇంకో జనవరి, అదే తలుపు. ఎర్నా చుట్టూ చూసింది. వీళ్ళు చెడ్డవాళ్ళయి ఉంటే బాగుండేది, లోపల కూర్చుని మార్కులు వేసేవాళ్ళు. మర్యాద పట్టుకుని వేలాడుతూ ఊరిని తగలబెట్టుకునేలా ఉన్నారు.

"టెస్సా, శీతాకాలంలో నువ్వొకటి చెప్పావు, నేను వద్దన్నాను. మూడు నెలలకోసారి నాకొచ్చేది నేను వదులుకుంటే, కానుక ఇప్పుడే బయటికొస్తుందన్నావు."

"వస్తుంది. మీరు సంతకం పెట్టాలి. కానీ మిసెస్ ఫ్రెరిక్స్, ఇంటికెళ్ళి ఆలోచించుకుని…"

"వస్తే నేను పోవడంతో పనుండదు కదా."

"ఉండదు."

"మరి నేనెప్పుడు పోతానన్నది దరఖాస్తులో లేకపోతే, వీళ్ళకేం సంబంధం? సంబంధం నా ఒక్కదానిదే. నేనెలాగూ బయటే ఉన్నాను."

డ్వేన్ నోరు తెరిచి, లెక్క సరిచూసుకుని, మూసుకున్నాడు. ముందు తేరుకున్నది మార్లీస్.

"మరి అరిజోనా?"

"ఉండదు."

"అదేమిటి, నిన్ను పిలిచేది మీ పెదనాన్న కూతురు మేబెల్ కదా. ఆవిడ పిలిస్తే నువ్వు పోవడానికేం?"

ఎర్నా మార్లీస్ మొహంలోకి చూసింది. ఇందాకటి మాట కంటే ఇది చెప్పడమే కష్టమనిపించింది.

"మేబెల్ అని ఎవరూ లేరు, మార్లీస్."

"నేను ఏటా క్రిస్మస్‌కి ఆవిడకి కార్డు పంపాను."

"ఫిబ్రవరిలో నాకే అందాయి. బాగున్నాయి."

మార్లీస్ కాఫీ బల్ల పట్టుకుని నిలబడింది. తన స్నేహితురాలు దాత అని తెలిసినప్పుడు ఏడ్చిన మనిషి, మేబెల్ లేదని తెలిసి ఏడవలేకపోయింది. అదెంత దెబ్బో మా ఊరివాళ్ళకే తెలుస్తుంది. చివరికి డ్వేన్ ఆవిడ మోచెయ్యి పట్టుకుని లోపలికి నడిపించాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే ఎర్నా ముందు నుంచి, శవపేటిక ముందు నుంచి పోయినట్టు, తలలు దించుకుని లోపలికి వెళ్ళారు.

"నేను బతికే ఉన్నాను," అంది ఎర్నా వాళ్ళ వీపులకి. "ఎవరైనా రాసుకోండి."

టెస్సా కాగితం తెచ్చి కాఫీ బల్ల మీదే పెట్టింది, రెండు రోజుల్లో మనసు మారితే చించేస్తానంది. మారదని చెప్పి ఎర్నా సంతకం పెట్టింది. లోవెల్ ఇంకా నేల మీదే ఉన్నాడు. ఫిబ్రవరిలో మీ వాకిలి మంచు నేను తీస్తాను అన్నాడు. నువ్వు నా వైపు జాలిగా చూడకుండా తీస్తానంటే తియ్యి, లేకపోతే పార నాకూ ఉంది అంది ఎర్నా. ఇద్దరూ తలుపు వైపే చూస్తూ ఉండిపోయారు. లోపల కాగితాలు మడిచే చప్పుడు, ఎవరో ముక్కు చీదే చప్పుడు.

డ్వేన్ బయటికొచ్చాడు.

"ఇచ్చాం," అన్నాడు లోవెల్‌తో. "పూర్తి మార్కులు మాత్రం పడలేదు."

"ఎక్కడ పోయాయి?" అన్నాడు లోవెల్, లేచి నిలబడుతూ.

"నువ్వు చెప్పిన అంచనాలో ఒకటి తప్పు. రెండేళ్ళన్నావు."

"ఎన్ని తగ్గించారు?" ఎర్నా అడిగింది.

"అయిదు."

"తక్కువ," అంది ఎర్నా. కోటు తీసుకుని చెయ్యి దూర్చబోయింది. చెయ్యి సందు దొరక్క ఒకటికి రెండుసార్లు గాలిలోకి పోయింది. లోవెల్ వచ్చి, ఆవిడ వైపు చూడకుండా, కోటు పట్టుకుని నిలబడ్డాడు.